చెంచాడు బోరాక్స్‌కి మాడిన నిమ్మచెట్టు: కుండీలో సూక్ష్మపోషకాలు ఎక్కువైతే ఏం చేయాలి

విశాఖలో మా డాబా మీద పద్దెనిమిది అంగుళాల టబ్బులో నాలుగేళ్ల నిమ్మచెట్టు ఉంది. ఒక ఏడాది పిందె నిలవలేదు. బోరాన్ లోపం అయ్యుంటుంది, చెంచాడు బోరాక్స్ వేస్తే చాలన్నారు తెలిసినవాళ్లు. వేశాను. నెల తిరిగేసరికి ముదురాకుల కొసలు పసుపుబారి, ఆపైన అంచు వెంట గోధుమరంగులో మాడటం మొదలైంది. అది పొటాష్ లోపం అనుకుని పొటాష్ వేశాను. అప్పటికీ ఆగకపోతే అన్ని సూక్ష్మపోషకాలూ కలిసిన పొడి తెచ్చి పిచికారీ చేశాను. అందులోనూ బోరాన్ ఉంది. మూడు వారాల్లో సగం ఆకు నేల రాలింది.

ఆ చెట్టు చివరికి బతికింది. కానీ అది మాడింది తిండి లేక కాదు, నేను పెట్టిన తిండి ఎక్కువై. అప్పట్నుంచి చుట్టుపక్కల డాబాల మీద చాలా మొక్కల్ని చూశాను. ఇదే కథ చాలాచోట్ల నడుస్తోంది. మీ కుండీలో ఇలాంటి అనుమానం ఉంటే ఈ వరుసలో వెళ్లండి.

మొదట చెయ్యి ఆపండి

కారణం తేలేదాకా ఆ కుండీలో ఏమీ వెయ్యకండి. ఎరువు వద్దు, టానిక్ వద్దు, ఎప్సమ్ సాల్ట్ కూడా వద్దు. నీళ్లు మాత్రం మామూలుగా పొయ్యండి.

మొక్కకి కావలసిన సూక్ష్మపోషకాలు ఎనిమిది: ఇనుము, మాంగనీసు, జింకు, రాగి, బోరాన్, మాలిబ్డినం, క్లోరిన్, నికెల్. ఇవి లేకపోతే మొక్క బతకదు. కావలసింది మాత్రం చిటికెడులో చిటికెడు. నత్రజని కాస్త ఎక్కువైతే మొక్క ఆకు పెంచుకుని తట్టుకుంటుంది. బోరాన్, రాగి అలా కాదు, వాటిలో చాలుకీ ఎక్కువకీ మధ్య సందు చాలా ఇరుకు. పొలంలో అయితే వేరు పక్కకో లోతుకో పారిపోవచ్చు. కుండీలో వేరుకి పోవడానికి చోటు లేదు, మనం పోసిందంతా దాని చుట్టూనే ఉంటుంది.

ఆరు నెలల్లో ఏమేం వేశారో కాగితం మీద రాయండి

ఈ పని బద్ధకించకండి, జవాబు సగం ఇక్కడే దొరుకుతుంది. ఎరువులే కాదు, తెగుళ్ల మందులు కూడా రాయండి. కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం, మాంకోజెబ్ మనం మందులుగా వాడతాం గానీ మట్టికి అవి రాగి, మాంగనీసు, జింకు. కోళ్ల పెంట వేస్తే అదీ రాయండి. కోళ్ల దాణాలో కలిపే రాగి, జింకు చాలావరకు పెంటలోకే వస్తాయి. నగర కంపోస్టుకి ప్రభుత్వ ప్రమాణాల్లో కిలోకి జింకు 1000 మిల్లీగ్రాములు, రాగి 300 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి ఉంది. సేంద్రియం కాబట్టి ఎంత వేసినా పరవాలేదనుకోవడానికి లేదన్నమాట.

ఇక లెక్క కట్టండి. నా నిమ్మచెట్టు లెక్కే చూపిస్తాను.

పొలానికి బోరాక్స్ సాధారణంగా ఎకరాకి నాలుగు కిలోల లెక్కన వేస్తారు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. భాగిస్తే చదరపు అడుగుకి గ్రాములో పదో వంతు కూడా రాదు. పద్దెనిమిది అంగుళాల టబ్బు పైభాగం ఒకటిముప్పావు చదరపు అడుగు ఉంటుంది. అంటే దానికి కావలసింది 0.16 గ్రాము. చెంచాడు బోరాక్స్ దాదాపు నాలుగు గ్రాములు. నేను వేసింది ఇరవై అయిదు రెట్లు!

ఇంకో పక్కనుంచి చూడండి. బోరాక్స్‌లో బోరాన్ పదకొండు శాతం, నాలుగు గ్రాముల్లో 440 మిల్లీగ్రాములు. టబ్బులో మట్టి నలభై కిలోలు. అంటే కిలో మట్టికి 11 మిల్లీగ్రాములు. బోరాన్‌ని బొత్తిగా తట్టుకోలేని పంటల జాబితాలో నిమ్మ మొదటి వరుసలో ఉంటుంది. వేరు చుట్టూ ఉన్న నీటిలో లీటరుకి అర మిల్లీగ్రాము దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది. ఆ లెక్క కట్టిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జింకు సల్ఫేట్ కూడా ఇలాగే. వరికి ఎకరాకి ఇరవై కిలోలంటే ఎక్కువనిపిస్తుంది గానీ చదరపు అడుగుకి అర గ్రాము లోపే వస్తుంది. అదీ మూడు పంటలకి సరిపోయే మోతాదు. రెండు నెలలకోసారి కుండీకి చెంచా చొప్పున వేసేవాళ్లు ఏడాదిలో ఎంత వేస్తున్నారో మీరే లెక్క వేసుకోండి.

రాగి లెక్క చూస్తే ఇంకా భయం వేస్తుంది. వేరుకుళ్లు వచ్చిందని లీటరు నీళ్లలో మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొక్క మొదట్లో పోస్తాం. ఆ పొడిలో రాగి యాభై శాతం, అంటే లీటరుకి ఒకటిన్నర గ్రాము. ఇరవై కిలోల మట్టి ఉన్న కుండీలో ఒక్కసారి పోస్తే కిలోకి 75 మిల్లీగ్రాములు చేరాయి. మామూలు నేలల్లో మొత్తం రాగి కిలోకి ఇరవై, ముప్పై మిల్లీగ్రాములే ఉంటుంది. నాలుగుసార్లు పోస్తే మూడు వందలు. ఈ రాగి ఎక్కడికీ పోదు. ఫ్రాన్సులో బోర్డో ద్రాక్షతోటల్లో 1880ల నుంచి మైలుతుత్తం (రాగి సల్ఫేట్), సున్నం కలిపి కొడుతున్నారు, మిశ్రమానికి ఆ పేరే వచ్చింది. అప్పటి రాగి ఆ నేలల పైపొరలో ఇంకా పేరుకునే ఉంది.

ఆకుని దగ్గరగా చూడండి

పొద్దున్న వెలుతురులో మూడు ఆకులు కోయండి: కింద ఒక ముదురాకు, మధ్యలో ఒకటి, కొసన ఒక చిగురాకు. పక్కపక్కన తెల్ల కాగితం మీద పెట్టండి. దెబ్బ ముందు ఏ ఆకు మీద కనిపించిందన్నదే అసలు ప్రశ్న.

ముదురాకు కొస, అంచులు మాడి, మధ్యభాగం పచ్చగానే ఉంటే బోరాన్‌ని అనుమానించండి. ఆకు నుంచి నీరు ఆవిరయ్యే దారిలోనే బోరాన్ ప్రయాణిస్తుంది. నీరు గాలిలో కలిసిపోతుంది, బోరాన్ అంచు దగ్గరే ఉండిపోతుంది. అందుకే మాడు అంచు గీసినట్టు వస్తుంది. నిమ్మ, బత్తాయి జాతుల్లో ఇంకో గుర్తుంది. ఆకు తిప్పి అడుగుభాగం చూడండి, బంక గడ్డకట్టినట్టు గోధుమరంగు పొక్కులు చేతికి గరుగ్గా తగులుతాయి. నా చెట్టుకి అవి మొదట్నుంచీ ఉన్నాయి. నేను ఆకు తిప్పి చూడలేదు.

పొటాష్ లోపానికీ ముదురాకు అంచు మాడుతుంది, ఉప్పు నీటికీ మాడుతుంది. ఆకు ఒక్కదాన్నే నమ్ముకుంటే నాలాగే పొరబడతారు. అందుకే కాగితం మీద రాసిన లెక్కని పక్కన పెట్టుకోమనేది.

చిగురాకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అందరూ ఇనుము లోపమనే అంటారు. నిజమే, ఆకులో ఇనుము తక్కువే. కానీ మట్టిలో ఇనుము లేక కావచ్చు, రాగి, జింకు, మాంగనీసు ఎక్కువై వేరు దాన్ని తీసుకోలేకా కావచ్చు. రెండో సందర్భంలో అన్నభేది (ఇనుము సల్ఫేట్) కొడితే నాలుగు రోజులు పచ్చబడి మళ్లీ పాలిపోతుంది. అలా రెండుసార్లు జరిగితే లోపం కాదు, ఏదో ఎక్కువైందనుకోండి. భాస్వరం అతిగా ఉన్నా జింకు అందదు. డీఏపీ ధారాళంగా వేసేవాళ్ల కుండీల్లో జింకు లోపం కనిపించడానికి ఇదొక కారణం. దానికి మళ్లీ జింకు వెయ్యడం మందు కాదు, డీఏపీ మానడమే మందు.

చిక్కుడు, బీన్స్ ముదురాకుల మీద ముదురు గోధుమ చుక్కలు వచ్చి, ఆకు ముడతలు పడితే మాంగనీసుని అనుమానించండి. పుల్లటి మట్టి, నీరు నిలిచే కుండీ, ఈ రెండూ కలిసినచోట ఇది వస్తుంది. మాలిబ్డినం, నికెల్ గురించి డాబా తోటలో బెంగ అక్కర్లేదు.

వేరు చూడండి, నీళ్లు చూడండి

రాగి, జింకు దెబ్బ ముందు వేరుకి తగులుతుంది. చిన్న కుండీ అయితే ఒక రోజు నీళ్లు మాని, పక్కకి వంచి, మట్టిగడ్డతో సహా మొక్కని బయటికి తియ్యండి. ఆరోగ్యమైన వేళ్లు తెల్లగా, సన్నగా, చివర్ల నూగుతో ఉంటాయి. రాగి ఎక్కువైన వేళ్లు పొట్టిగా, లావుగా, గోధుమరంగులో, నూగు లేకుండా ఉంటాయి. కుళ్లిన వేరైతే పైతోలు ఊడి వస్తుంది, వాసన వేస్తుంది. ఈ తేడా తెలుసుకోవడం ముఖ్యం. రాగికి పొట్టిబారిన వేరుని కుళ్లు అనుకుని మళ్లీ రాగి మందే పోసేవాళ్లని చూశాను.

నీళ్ల సంగతికొస్తే, మునిసిపాలిటీ కుళాయి నీళ్లతో మామూలుగా సమస్య రాదు. బీచ్‌కి దగ్గరగా బోరు నీళ్లు వాడేవాళ్లు మాత్రం ఒకసారి పరీక్ష చేయించండి. సముద్రపు నీటిలో ఉప్పుతో పాటు లీటరుకి దాదాపు 4.5 మిల్లీగ్రాముల బోరాన్ ఉంటుంది. సాగునీటిలో 0.7 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలా పంటలకి ఇబ్బంది ఉండదు. కుండీ అంచున తెల్లటి ఉప్పు పొర కడుతుంటే ముందు నీళ్లనే అనుమానించండి.

మన ఊళ్లో ఇంకొకటి కూడా ఉంది. సముద్రపు గాలికి జీఐ రేకులు తొందరగా తుప్పు పడతాయి. ఆ రేకుల మీది పూత జింకే. రేకుల షెడ్డు చూరు నుంచి చుక్కలు పడేచోట ఎప్పుడూ ఒకే కుండీ ఉంటే అక్కణ్ణుంచి జరపండి.

మట్టి పులుపు కొలవండి

ఇరవై గ్రాముల మట్టిని యాభై మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, అరగంట మధ్యమధ్యలో తిప్పుతూ ఉంచి, పీహెచ్ మీటరుతో చూడండి. మీటరు లేకపోతే పీహెచ్ కాగితం చాలు. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. 6 కంటే తక్కువ వస్తే రాగి, జింకు, మాంగనీసు, ఇనుము మట్టిలోంచి విడివడి వేరుకి ఎక్కువగా అందుతున్నట్టే.

ఇక్కడ నర్సరీల్లో దొరికే ఎర్రమట్టిలో సేంద్రియ పదార్థం తక్కువ. నల్లరేగడిలా పోషకాల్ని గట్టిగా పట్టి ఉంచే గుణం దీనికి లేదు, అందుకే ఎక్కువైంది ఏదైనా వెంటనే వేరు మీద పని చేస్తుంది. (ఎర్రమట్టి అంటే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు గుర్తొస్తాయి. అవి కాపాడుకోవలసిన భౌగోళిక వారసత్వం. అక్కడి మట్టి గంపెడు కూడా తేవద్దు, ఎవరైనా అమ్మినా కొనొద్దు.)

బోరాన్, ఉప్పు అయితే కడగండి

ఈ రెండూ నీళ్లతో కిందికి దిగిపోతాయి. రెండిట్లో ఏదో తేల్చుకోలేకపోయినా పరవాలేదు, చికిత్స ఒకటే.

ముందు టబ్బు అడుగు రంధ్రాలు పుల్లతో పొడిచి తెరవండి. టబ్బుని రెండు ఇటుకల మీదికి ఎక్కించండి. కారే నీళ్లు పక్క కుండీల్లోకి పోకుండా దారి చూడండి. మట్టి ఎంత ఉందో దానికి రెండింతల నీళ్లు కావాలి, నలభై లీటర్ల టబ్బుకి ఎనభై లీటర్లు. ఒక్కసారిగా గుమ్మరిస్తే నీళ్లు అంచు వెంట జారిపోతాయి, మట్టి తడవదు. మొదట అయిదు లీటర్లు పోసి పావుగంట ఆగండి. తర్వాత మగ్గుతో నెమ్మదిగా, పొద్దున్న సగం, సాయంత్రం సగం పొయ్యండి. నేను పైపుని సన్నని ధారగా పెట్టి, గంటకోసారి చోటు మారుస్తాను.

ఉప్పుకి ఒకసారి చాలు. బోరాన్ మట్టిని కాస్త గట్టిగా పట్టుకుంటుంది, అంత తేలిగ్గా వదలదు. వారం ఎడంతో మూడుసార్లు కడగండి. మధ్యలో మట్టి పైన రెండు అంగుళాలు ఆరనివ్వండి, లేకపోతే వేరు కుళ్లుతుంది.

వానలే కడిగేస్తాయిలే అని వదిలేయకండి. రోజంతా కురిసి యాభై మిల్లీమీటర్ల వాన పడినా పద్దెనిమిది అంగుళాల టబ్బులో పడేది ఎనిమిది లీటర్లే. తుఫాను ముసురులో కూడా మగ్గు పని మగ్గుదే.

మూడోసారి కడిగాక నత్రజని కూడా కొట్టుకుపోయి ఉంటుంది. పదిరోజులు ఆగి, మొదలుకి దూరంగా రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు వెయ్యండి, అంతే.

రాగి, జింకు, మాంగనీసు అయితే కడిగి లాభం లేదు

రాగి, జింకు మట్టినీ సేంద్రియ పదార్థాన్నీ పట్టుకుని కూర్చుంటాయి. నీళ్లు ఎన్ని పోసినా మీ శ్రమే మిగులుతుంది.

చిన్న కుండీ, విలువైన మొక్క అయితే మట్టి మార్చడమే నయం. మట్టిగడ్డలో మూడింట రెండు వంతులు వేళ్లు తెగకుండా రాల్చి, కొత్త మట్టిలో పెట్టి, పదిరోజులు నీడలో ఉంచండి. ఎండలు ముదిరిన ఏప్రిల్, మేలో ఈ పని పెట్టుకోకండి.

మార్చలేని పెద్ద టబ్బు, పీహెచ్ 6 కంటే తక్కువ అయితే పులుపు తగ్గించండి. వ్యవసాయానికి వాడే సున్నపురాయి పొడి లీటరు మట్టికి ఒక గ్రాము చొప్పున, అంటే నలభై లీటర్లకి నలభై గ్రాములు, పైమట్టిలో కలిపి నీళ్లు పొయ్యండి. నెల తర్వాత మళ్లీ కొలిచి, 6.5 కి రాకపోతే అంతే మోతాదు ఇంకోసారి. జిప్సం దీనికి పనికిరాదు, అది పులుపు తగ్గించదు. పీహెచ్ ముందే 7 దాటి ఉంటే సున్నం జోలికి పోవద్దు, కొత్త లోపాలు తెచ్చుకుంటారు. దీనితో పాటు బాగా మాగిన కంపోస్టు కలపండి, ముఖ్యంగా రాగిని అది గట్టిగా పట్టి ఉంచుతుంది. మాంగనీసు సమస్య అయితే సున్నం కంటే ముందు నీరు నిలవకుండా చూడండి, చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది.

తీసేసిన మట్టిని ఇంకో కూరగాయల కుండీలో కలపకండి, పారబోసేటప్పుడు కాలువలోకి పోనివ్వకండి.

ఇక ముందు వెయ్యాలంటే

లోపం ఉందని తేలాకే, అదీ వీలైనంతవరకు ఆకు మీదే. లీటరు నీటికి జింకు సల్ఫేట్ రెండు గ్రాములు, అన్నభేది అయిదు గ్రాములకి అర గ్రాము నిమ్మ ఉప్పు, బోరాక్స్ ఒక గ్రాము. సాయంత్రం పూట, ఆకు తడిసేవరకే. రెండు మూడు పొడులు ఒకేసారి కలపకండి. అన్నీ కలిసిన మిశ్రమం వాడుతుంటే విడిగా బోరాక్స్, జింకు వెయ్యనక్కర్లేదు.

మట్టిలోనే వెయ్యాలంటే అర గ్రాము, పావు గ్రాము వంటింటి త్రాసుకి అందవు. దానికి నేను చేసేది ఇది: లీటరు గోరువెచ్చటి నీళ్లలో పది గ్రాముల బోరాక్స్ కరిగిస్తాను. అందులో పది మిల్లీలీటర్లు తీస్తే 0.1 గ్రాము ఉంటుంది. కొలవడానికి దగ్గుమందు సీసా మీది కొలతమూత సరిగ్గా సరిపోతుంది. దాన్ని మళ్లీ మందు తాగడానికి వాడకూడదు. ఈ పది మిల్లీలీటర్లని మగ్గుడు నీళ్లలో కలిపి టబ్బంతా చుట్టూ పోస్తాను. మిగిలిన సీసా మీద పేరు రాసి పిల్లలకి అందని చోట పెట్టండి.

మొక్కలు ఎక్కువున్నవాళ్లు మట్టి పరీక్ష చేయించడం మేలు. 2015 లో మొదలైన భూసార కార్డు పథకంలో చూసే పన్నెండు అంశాల్లో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ ఉన్నాయి. దగ్గర్లో మట్టి పరీక్ష ఎక్కడ చేస్తారో రైతు సేవా కేంద్రంలో గానీ, అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో గానీ అడగండి. ఫలితం వచ్చాక ఒక జాగ్రత్త. జింకు 0.6, రాగి 0.2 లాంటి హద్దులు (కిలో మట్టికి మిల్లీగ్రాములు; ఇది మట్టిలో మొత్తం కాదు, వేరుకి అందే భాగం) లోపాన్ని పట్టడానికి పెట్టినవి. వాటిని దాటితే కాగితం మీద 'సరిపడా' అనే వస్తుంది, దానికి పదింతలున్నా అదే మాట. అందుకని మాట కాదు, అంకె చూడండి. మీ రాగి 0.2 దగ్గర కాక 20 దగ్గర ఉంటే ఆ కుండీలో ఇక రాగి మందు పోయకూడదు.

మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, దాన్ని చూసి కంగారుపడి మళ్లీ ఏదో ఒకటి వెయ్యకండి. సగానికి పైగా పచ్చగా ఉన్న ఆకుల్ని ఉంచండి, మొక్కకి ఇంకా తిండి చేసేది అవే. కొత్తగా వచ్చిన చిగురు ముదిరేదాకా, అంటే ఆరేడు వారాలు, చూడండి. మా నిమ్మచెట్టు కార్తీకంలో కడిగితే సంక్రాంతి దాటాక చిగురు వేసింది. ఫాల్గుణం చివర్లో ఆ ఆకులు ముదిరాయి. ఒక్కొక్కటే తిప్పి చూశాను. అంచులు పచ్చగా ఉన్నాయి, అడుగున వేలికి గరుకు తగల్లేదు. ఆ తర్వాతే వర్మీకంపోస్టు మోతాదు పెంచాను.